సిమ్యులేటర్ తిట్లు

మూల సీట్లో సిమ్యులేటర్ మళ్ళీ ఆగిపోయింది.

ల్యాబ్ ఇన్‌చార్జి తలెత్తి చూశాడు. ఆవిడే.

మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ పెద్ద కంపెనీల్లోనే ఉంటుంది. దానికి ఆదేశాలు రాసే అసెంబ్లీ భాష నేర్చుకునేవాళ్ళ కోసం ఆ శిక్షణ కేంద్రంలో సిమ్యులేటర్ పెట్టారు. మామూలు కంప్యూటర్లోనే ఆ పెద్ద మిషన్‌లా నటిస్తుంది. తప్పు రాస్తే ఆగి, తెర మీద తిడుతుంది.

"అంకెలు పెట్టాల్సిన చోట అక్షరాలు పెడితే ఎలా కూడను, చిట్టితల్లీ? మళ్ళీ చూసుకో."

మీసాలొచ్చిన మగపిల్లల్ని కూడా అది చిట్టితల్లీ అనే అంటుంది. వాళ్ళు పడీ పడీ నవ్వుతారు. ఒకసారి తిట్టు తిన్నవాళ్ళు మళ్ళీ ఆ తప్పు చేయరు.

ఆవిడ మాత్రం రోజూ అదే తప్పు చేస్తుంది. నడివయసు మనిషి. ఎవరితోనూ మాట్లాడదు. తిట్టించుకుని, తెర వంక చూస్తూ కూర్చుంటుంది.

ఇన్‌చార్జికి అనుమానం పట్టుకుంది. పరీక్ష దగ్గరికొచ్చింది. ఆ రోజు సిమ్యులేటర్ మొరాయిస్తే ముందు ఊడేది తన ఉద్యోగమే. ఎదురు వీధి సెంటర్ వాళ్ళు దాన్ని చెడగొట్టమని ఆవిణ్ణి పంపి ఉంటారనుకున్నాడు.

చప్పుడు చేయకుండా వెళ్ళి వెనక నిలబడ్డాడు. ఆవిడ గభాలున తెర ఆర్పేసి మొహం తిప్పుకుంది.

"ఇక్కడికి నేర్చుకోడానికేనా మేడమ్ మీరొచ్చేది?"

"నేర్చుకోవడం ఎప్పుడో అయిపోయింది బాబూ."

ఇంకేం కావాలి?

మిషన్ ఎక్కడ ఎందుకు ఆగుతుందో ఆ తిట్లే బయటపెడుతున్నాయని అతనికి తోచింది. ఆ సాయంత్రమే అన్నీ చెరిపేశాడు. తప్పు చేస్తే ఉత్త నంబరు మాత్రం వచ్చేలా మార్చాడు.

మర్నాడు ఆవిడ అక్షరాలు పెట్టింది. నంబరొచ్చింది. మళ్ళీ పెట్టింది. నంబరే.

"ఆ మాటలు ఇక రావా బాబూ?"

"రావండీ. తీసిపారేశాను."

ఆవిడ తలూపింది. కుర్చీ లోపలికి జరిపి వెళ్ళిపోయింది. తర్వాత రాలేదు.

పరీక్ష సాఫీగా జరిగిపోయింది. ఎదురు సెంటర్ వాళ్ళ మనిషిని ఎలా వదిలించుకున్నాడో ఇన్‌చార్జి ప్రిన్సిపాల్‌కు పూసగుచ్చినట్టు చెప్పుకున్నాడు.

ప్రిన్సిపాల్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. పాత తిట్లు ఎక్కడైనా దాచావా అని అడిగాడు. దాచలేదన్నాడు ఇన్‌చార్జి.

ప్రిన్సిపాల్ నెమ్మదిగా చెప్పాడు. ఆవిణ్ణి రమ్మన్నది తనేనట. ఎవరికీ చెప్పొద్దని ఆవిడే కోరిందట. సిమ్యులేటర్ తయారుచేసిన మాస్టారు పోయి ఏడాది కూడా కాలేదట.

"మాస్టారు దాన్ని మొదట మన కోసం చేయలేదు. ఇంట్లో కూతురికి పాఠం చెప్పడానికి చేశారు. నువ్వు పంపించేసింది ఆ చిట్టితల్లినేనయ్యా."