తెల్ల గ్లవ్స్

మా కాటాల రిపేరు షాపులోకి కొత్తగా ఒకడొచ్చాడు. మిలటరీలో కొలత పరికరాలు సరిచేసేవాడట. సాయంత్రం పని చూసి ఉద్యోగం ఖాయం చేస్తానన్నాడు ఓనరు. ఆ ఉద్యోగం మీద మా బావమరిదికి ఎప్పట్నుంచో కన్నుంది.

తూకపు రాయి ముట్టుకోవాలంటే చాలు, వీడు తెల్ల గ్లవ్స్ తొడుక్కుంటున్నాడు. నాకక్కడే అనుమానమొచ్చింది.

"ఏం తమ్ముడూ, వేలిముద్రలు పడకుండానా? దొంగలూ ఇలాగే తొడుక్కుంటారట."

"చేతి చెమటకీ బరువుంటుందన్నా."

అబ్బో, ఎంత నాజూకో అనుకున్నాను. వాడు భోజనానికి వెళ్ళగానే, నిగనిగలాడే ఆ ఉక్కు రాయిని తిరగేసి అడుగున కాస్త మైనం అంటించాను. దాన్ని నమ్మి కాటా సరిచేస్తే ఓనరు ముందే తూకం తప్పుతుంది, వాడు మూటాముల్లె సర్దుకుంటాడు.

సాయంత్రం ఓనరు గుమ్మంలో ఫోను మాట్లాడుతున్నాడు. వీడు రాయిని లైటు కింద అటూ ఇటూ తిప్పాడు. మైనం గీకేసి, నా చెవి దగ్గరికి వంగాడు.

"గ్లవ్స్ నా వేలిముద్రలు దాచుకోడానికి కాదన్నా, ఇంకొకరివి కనపడ్డానికి. తుడవనా, ఓనరుకి చూపించనా?"

"తుడిచెయ్ తమ్ముడూ," అన్నాను. "ఇంకో జత ఉంటే నాకూ ఇప్పించు."