రేకుల మీద వాన

"వాన వల్ల వీడియో రావట్లేదంటున్నారు. మాకు ఒక్క చినుకూ వినిపించట్లేదే! పక్కన ఎవరైనా జవాబులు అందిస్తున్నారా?"

ఇయర్‌ఫోన్లో ఆ మాట వినగానే సోనికి ఒళ్లు మండింది. సిగ్నల్ ప్రాసెసింగ్ ఇంజనీరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. నెట్ అందేది అరకు ఘాట్‌రోడ్డులో ఈ బస్ షెల్టరు దగ్గరే. పైన రేకుల మీద వాన దంచేస్తోంది. లాప్‌టాప్‌కి జల్లు కొట్టకుండా తండ్రి భీముడు గొడుగు అడ్డం పట్టుకుని నిలబడ్డాడు.

"చుట్టూ ఉన్న చప్పుడు తీసేసి మాటను మాత్రమే పంపే ప్రోగ్రాం వాడుతున్నాను సార్. నేనే రాశాను. నా ప్రాజెక్టు అదే."

"ఎవరో చేసిపెట్టిన ప్రాజెక్టులు రోజూ చూస్తూనే ఉన్నామమ్మా."

"ఏటంతన్నారే?" భీముడు అరిచాడు.

"ఇక్కడ వానే లేదంట అయ్యా!"

భీముడు మొహం మీద నీళ్లు తుడుచుకున్నాడు. "మరైతే ఆల్లకి ఇనిపించు!"

సోని ప్రోగ్రాం ఆపేసింది.

అవతల కుర్చీ కదిలిన చప్పుడు. "అబ్బా, చెవులు పోతున్నాయి! నమ్మాం, నమ్మాం! ముందు దాన్ని ఆన్ చెయ్యండి!"

వానను నోరెత్తకుండా చెయ్యడానికి చదువంతా ధారపోసిన సోని, బటన్ మీద వేలు పెట్టి కూడా నొక్కలేదు. కాసేపు వాననే మాట్లాడనిచ్చింది.