పదో గుడ్డ

రోగి పొట్ట ఇంకా తెరిచే ఉంది. పెద్ద డాక్టరు స్పీకర్ ఫోనులో భార్యతో వంటింటి టైల్స్ గురించి గొడవపడుతూనే, కుట్లు వెయ్యడానికి సూది ఇమ్మని నర్సుకేసి కుడిచెయ్యి చాపాడు.

"ఆగండి సార్. రక్తం అద్దే గుడ్డలు పది ఇచ్చాను. తొమ్మిదే వచ్చాయి," అంది నర్సు.

"మళ్ళీ లెక్కపెట్టు. నీలం టైల్స్ వద్దే, మరకలు కనిపిస్తాయి."

నర్సు లెక్క ఆరు దగ్గర టైల్స్ రేటులో కలిసిపోయింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టింది.

"ఇన్నేళ్ళ సర్వీసు, పక్కన మాట వినపడితే పది లెక్కపెట్టలేవా? నన్ను చూడు, సంసారం, ఆపరేషన్ రెండూ ఒకేసారి లాక్కొస్తున్నా."

"నాకున్నది ఒక్క బుర్రే సార్. గుడ్డ లోపల ఉండిపోతే ఈయన చచ్చిపోతాడు."

ఫోనులో భార్య గొంతు మారింది. "టైల్స్ తగలబడనీ. ముందు ఆవిడ మాట వినండి." ఫోను పెట్టేసింది.

పొట్టలో వెతకడానికి డాక్టరు రెండు చేతులూ ముందుకు తెచ్చాడు. ఎడమ పిడికిలి విప్పగానే నెత్తుటి గుడ్డ ట్రేలో పడింది.

"ఇది నా చేతిలోకి ఎప్పుడొచ్చింది?"

"మీరు వంటింట్లో ఉన్నప్పుడు సార్." నర్సు సూది అందించింది.

డాక్టరు తీసుకోలేదు. "ఉండమ్మా. ఒకటి నుంచి లెక్కపెట్టు. నేను నోరు మూసుకుంటా."