మొదటి వరుసలో పేరు

"ప్రోగ్రామంతా మీరే రాశారా?" కొనడానికొచ్చిన పెద్దాయన అడిగాడు.

"నేనే సార్. మా ఆవిడ కాస్త చేతిసాయం," అన్నాడు భర్త.

ఆయన వెళ్ళేదాకా ఆగి అడిగిందామె. "మూడేళ్ళు కూర్చుని రాసింది నేను. మొదటి వరుసలో నా పేరు పెట్టుకోమని మీరేగా అన్నారు?"

"ఉందిగా! ఎవరు చెరిపారు?" నవ్వాడతను. "కాకపోతే ఆయనకిచ్చేది కంప్యూటర్‌కి మాత్రమే అర్థమయ్యే మెషీన్ కోడ్. మనుషులు చదువుకోవడానికి రాసుకున్న వరుసల్ని అలా మార్చేటప్పుడు కంపైలర్ వదిలేస్తుంది, పిచ్చిదానా. అందులో నీ పేరూ ఉండదు, నా పేరూ ఉండదు."

"మరి ఒప్పందంలో?"

"అందులో ఎవరో ఒకరి పేరుండాలిగా. నాది పెట్టా."

పెళ్ళయిన కొత్తలో కంపైలర్ ఏది ఉంచుకుంటుందో, ఏది పారేస్తుందో అతనికి ఓపిగ్గా నేర్పింది ఆమే. చెప్పినవాటిలో ఆ పాఠమొక్కటే బాగా ఒంటబట్టింది.