రోనాల్డ్ రోజూ నాలుగింటికి వస్తాడు

"అలవాటుగా జరిగే పనికి సింపుల్ ప్రెజెంట్ వాడాలి," అన్నారు కృపాకర్ మాస్టారు. "సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు. పోస్టుమాన్ రోజూ వస్తాడు. అర్థమయిందా?"

"రోజూ అంటే, మానకుండానా అండీ?" అడిగాడు త్రినాధరావు.

"ఆదివారం మానేస్తాడు. అయినా అలవాటు అలవాటే."

త్రినాధరావు చొక్కా జేబు తడుముకున్నాడు. అతని జేబులో మడత పెట్టిన కాగితం ఒకటి ఉంది. భార్య బిందుమాధవి నోటుబుక్కులోంచి, ముగ్గు వేసినంత జాగ్రత్తగా, అక్షరం వెంట అక్షరం దింపుకున్న రెండు వాక్యాలు అందులో ఉన్నాయి. వాటి అర్థం ఇప్పుడు తెలిసింది. రోనాల్డ్ రోజూ నాలుగింటికి వస్తాడు. నా పక్కన కూర్చుంటాడు.

త్రినాధరావుకు నలభై రెండేళ్ళు. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దగ్గర ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా. పదో తరగతి ఇంగ్లీషు రెండుసార్లు తప్పి, ఆ భాషకు శాశ్వతంగా దండం పెట్టేసినవాడు. బిందుమాధవి గవరపాలెంలో ఒక కాన్వెంటులో టీచరు. ఉగాది వెళ్ళాక పరీక్ష పెడతామనీ, ఇంగ్లీషులో ఉత్తరం రాయగలిగినవాడికే హెడ్ గుమాస్తా కుర్చీ ఇస్తామనీ యజమాని చెప్పినప్పుడు ఆమె మొగుణ్ణి నాలుగుసార్లు బతిమాలింది.

"నేర్చుకోండి. మీకేటి తక్కువ?"

"ఈ వయసులో పలకా బలపం పట్టమంటావేటి? ఆ కుర్చీ మా పక్క సీటు కన్నబాబునే ఏలుకోమను."

ఆ తరువాత ఆమె ఆ మాట ఎత్తలేదు. నీలం అట్ట నోటుబుక్కు ఒకటి తెచ్చుకొని, అప్పుడప్పుడు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి టీవీ మీద పెట్టడం మొదలుపెట్టింది. ఏం రాస్తున్నావని అడిగితే నవ్వి ఊరుకుంది. అక్షరాలు కూడబలుక్కోవడం మాత్రం త్రినాధరావుకు వచ్చు. మొదటి పేజీలోనే రోనాల్డ్ అన్న పేరు ఐదుచోట్ల తగిలింది.

ఎవరిచేతనైనా చదివిద్దామంటే పరువు పోతుంది. అది రెండువేల ఐదో సంవత్సరం. బస్టాండు దగ్గర వీధి వీధికీ స్పోకెన్ ఇంగ్లీషు బోర్డులే. అక్కడ చేరితే ఊరంతా చూస్తుంది. అందుకే రిటైరయి ఇంట్లో కూర్చున్న కృపాకర్ మాస్టారి దగ్గరకు సాయంత్రం ఆరింటికి రహస్యంగా వస్తున్నాడు.

"మీ ఇంట్లో లూర్దు మేరీ మేడంగారికి మాత్రం తెలియనివ్వకండి మాస్టారూ. మా ఆవిడా ఆవిడా ఒకే స్టాఫ్ రూములో కూర్చుంటారు."

"నా నోట రాదులే," అన్నారు మాస్టారు. ఎందుకు నేర్చుకుంటున్నావని ఆయన ఒక్కసారీ అడగలేదు.

తరువాతి వారం ప్రెజెంట్ కంటిన్యువస్. ఈ క్షణాన జరుగుతున్న పని. ఇంటికి వెళ్ళి నోటుబుక్కు తీశాడు. నేను రాస్తున్నాను. రోనాల్డ్ నా వేళ్ళవంక చూస్తున్నాడు. త్రినాధరావు తన వేళ్ళవంక చూసుకున్నాడు. కార్బన్ కాగితం మరక గోళ్ళలోకి దిగి నల్లగా ఉంది. ఆ పూట సబ్బు సగం అరగదీశాడు.

ఒకనాడు తలనొప్పని చెప్పి నాలుగింటికే ఇల్లు చేరాడు. బిందుమాధవి ఒక్కతే కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఎవరూ లేరు. ఎవరూ లేకపోవడం కూడా అతనికి ఋజువుగానే తోచింది.

పైగా ఆమె, సాయంత్రం ఆరు కాకముందే టిఫిను పెట్టి, ఇస్త్రీ చొక్కా చేతికందించేది.

"అలా తిరిగి రండి, ఒంటికి మంచిది."

ఎక్కడికని అడిగేది కాదు. తనను గడప దాటించడానికి ఆమె పడే తొందర చూసి అతను లోలోపల ఉడికిపోయేవాడు.

సింపుల్ పాస్ట్ చెప్పిన రోజున కాస్త ఊపిరాడింది.

"నిన్నటితో అయిపోయిన పని. దానికీ ఈరోజుకీ లంకె లేదు," అన్నారు మాస్టారు.

నోటుబుక్కులో అలాగే ఉంది. రోనాల్డ్ నిన్న మల్లెపూలు తెచ్చాడు. పోనీ, అయిపోయిందిగదా అని సరిపెట్టుకున్నాడు. ఆ సరిపెట్టుకోవడం ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ దాకానే నిలిచింది.

"పని అయిపోయింది గాని, దాని ఫలితం ఇంకా మన చేతిలోనే ఉంది."

"అయితే తెగలేదన్నమాట."

"ఏటయ్యా తెగనిది?"

"పాఠం, మాస్టారూ."

రోనాల్డ్ నాకొక ఉత్తరం ఇచ్చాడు. దాన్ని దాచుకున్నాను. ఆ రెండు వాక్యాలూ చదివిన త్రినాధరావు, చీరల మడతల్లోనూ పోపుల డబ్బాలోనూ వెతికాడు. ఆవాలు ఒలికాయిగాని ఉత్తరం దొరకలేదు.

చివరిది పాస్ట్ పర్‌ఫెక్ట్.

"గతంలో రెండు పనులు జరిగాయనుకో, ముందు జరిగినదానికి ఇది. డాక్టరు వచ్చేసరికే రోగి పోయాడు."

ఇంటికి వచ్చి, టీవీ మీది నోటుబుక్కు తీసి చూశాడు. మా ఆయన వచ్చేసరికే రోనాల్డ్ వెళ్ళిపోయాడు.

ఇక ఆగలేదు. పుస్తకం పట్టుకొని వంటింట్లోకి నడిచాడు.

"ఎవడీ రోనాల్డు?"

బిందుమాధవి గరిటె దించింది.

"ఎక్కడుందా పేరు?"

"పేజీ పేజీకీ ఉంది. రోజూ వత్తాడు. పక్కన కూకుంటాడు. పువ్వులు తెచ్చేడు. ఉత్తరం ఇచ్చేడు, నువ్వు దాచేవు. నేనొచ్చేసరికే జారుకున్నాడు."

"ఇదంతా మీకెవరు చదివి పెట్టేరు?"

"ఒకరు చదివి పెట్టాలేటి? నేనే చదివేను."

"ఒక్క ముక్కా తప్పు పోకుండానే?"

"తప్పుంటే సూపించు."

ఆమె ముఖంలో బెదురు లేదు. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. అతనికి ఒళ్ళు మరింత మండింది.

"ఆఖరి పేజీ మిగిలిపోయింది," అంది. "అదీ చదవండి. నాకు వినపడేలాగ."

అట్టకు అతుక్కున్న ఆ పేజీని విడదీశాడు. ఇంగ్లీషులో ఒకే ఒక్క వాక్యం. నాలుక తడబడలేదు. మాస్టారు నేర్పినట్టే పైకి చదివి, అర్థం తెలుగులో చెప్పాడు.

"రోనాల్డ్ అనే మనిషి లేడు, మీ పరీక్ష మాత్రం సోమవారం ఉంది."