పన్నెండో అంతస్తు చల్లగాలి

డైరెక్టర్ మాధవన్ తల పగిలి నెత్తుటి మడుగులో పడి ఉన్నాడు. కానీ ఇన్‌స్పెక్టర్ జుబేదాను వణికించింది ఆ గదిలోని చలి.

భూమి వేడెక్కకుండా ప్రపంచ సంస్థల ఆఫీసుల్లో ఏసీలు, లిఫ్టులు నిషేధించి పదేళ్లయింది. మెట్లు వాడినవాళ్లను గోడలోని స్పీకరే "శెభాష్" అని మెచ్చుకుంటుంది. ఇక్కడ మాత్రం బీరువా వెనక దొంగచాటుగా పెట్టిన ఏసీ నడుస్తోంది.

కింద మెట్లమీద అటెండర్ పోచయ్య కూర్చున్నాడు. చొక్కా నిండా నెత్తురు, చేతిలో సొట్టపడిన రాగి కూజా.

"ఎందుకు చంపావ్?"

"నా పెండ్లాం గీ కూజతోటే సారుకు నీళ్లు మోస్కుంట తొమ్మిదో అంతస్తుల గుండాగి సచ్చింది, మేడమ్. భూమి కోసం ఓర్సుకోవాలె అన్నడు సారు. నమ్మిన. ఇయ్యాల నీళ్లు తెస్తే, ఆయన తలుపు సందుల నుంచి సల్లగాలి నా కాళ్లకు తాకింది. లోపటికి పోయి పుర్రె పగిలేదాంక కొట్టిన. గీ నెత్తురుతోటి దిగుతుంటే గూడ గోడ శెభాషే అన్నది."