దాహం వేయలేదు

"కరువు కనబడిందంట హరినాథన్నా. దాహం మాత్రం వేయలేదంట."

పబ్లిషర్ ఇనాయతుల్లా ఫోన్‌లో నసుగుతూ చెప్పాడు.

"ఎవరికి వేయలేదంట?"

"మాకొచ్చే నవలలన్నీ ముందుగా చదివే పెద్దాయన ఒకాయన ఉండాడులే. ఆయన సరేనంటేనే అచ్చుకు పోతాది."

హరినాథ్‌కు ఒళ్ళు మండింది. ఏళ్ళ తరబడి రాసిన నవల అది. అనంతపురంలో, మేడ మీద గదిలో, ఫ్యాన్ కింద కూర్చుని రాసిన మాట నిజమే. అయితే మాత్రం?

"మీ పెద్దాయనకు చెప్పు. రేపే కొత్తచెరువు బస్సెక్కుతా. నా కథ జరిగిన దారిలోనే దిగి నడుస్తా. దాహం ఎట్ల వేయదో నేనూ చూస్తా!"

అన్నంత పనీ చేశాడు.

మే నెల, మిట్టమధ్యాహ్నం. కొత్తచెరువుకు ఇవతలే ఒక బస్టాపులో దిగాడు. నీళ్ళ సీసా బెంచీ మీద పెట్టి, 'ఎండ నిప్పులు చెరుగుతోంది' అని రాసుకున్నాడు.

బెంచీ చివర, తలకు తువ్వాలు చుట్టుకున్న ముసలాయన ఒకడు కూర్చుని ఉన్నాడు. కాసేపు ఇటే చూసి, లేచొచ్చి, సీసా అందుకున్నాడు.

తాగుతాడేమో, తాగనీలే అనుకున్నాడు హరినాథ్.

ముసలాయన తాగలేదు. రోడ్డు పక్కనున్న వేప మొక్క మొదట్లో చివరి చుక్కదాకా పోసేశాడు.

"ఏమప్పా, పిచ్చి గాని పట్టిందా? నీళ్ళప్పా అవి!"

పగవాడు గడప తొక్కినా, పేరు అడగకముందే చెంబుతో నీళ్ళిచ్చే సీమ అది. ఎదుటివాడి నీళ్ళు పారబోసే మనిషిని హరినాథ్ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"మొక్క ఎండిపోతాంటే పోసినా," అన్నాడు ముసలాయన తొణక్కుండా. "నీళ్ళు కావాలంటే ముందర ఊరుండాది. నడు, నేనూ వస్తా."

"ఎంత దూరం?"

"నడిస్తే తెలుస్తాది."

సాయంత్రందాకా ఇంకో బస్సు లేదు. గొణుక్కుంటూ నడిచాడు.

మొదట ముసలాయనను పైకే తిట్టాడు. తర్వాత మనసులో తిట్టాడు. నోరు పిడచగట్టుకుపోయాక తిట్లూ ఆగిపోయాయి.

విచిత్రం, ఎండ సంగతే మరిచిపోయాడు. బీళ్ళూ గుట్టలూ ఏవీ కంటికి ఆనలేదు.

ఊరి మొదట్లో ఒక ఇంటి అరుగు మీద బిందె ఉంది. దాని అడుగున అరుగు తడిసి నల్లగా ఉంది. హరినాథ్ చూపు ఆ తడి మీదే ఉండిపోయింది.

ఇంటావిడ చెంబు అందించింది. గటగటా తాగి తలెత్తేసరికి, ముసలాయన పగిలిన పెదవులతో తననే చూస్తున్నాడు. ఇంకా తాగనే లేదు.

"ఇప్పుడేం కనపడిందప్పా?"

"నీ మొహం కనపడింది! ఇంకెప్పుడూ నాకు కనపడొద్దు."

"సరేలే," అని నవ్వాడు ముసలాయన. "పోయి పని చూసుకో."

ఇంటికొచ్చి ఫ్యాన్ ఆపేసి కూర్చున్నాడు హరినాథ్. నవలలో నిప్పులు చెరిగే ఎండలన్నీ కొట్టేశాడు. ఆ చోట ఒక బిందె కింది తడి పెట్టాడు. చేతి చెమటకు కాగితాలు పాడైతే, అదే పేజీ మళ్ళీ మళ్ళీ రాశాడు. పట్టు మాత్రం వదల్లేదు.

కొన్ని నెలలకు ఫోనొచ్చింది.

"హరినాథన్నా! పెద్దాయన చదువుతా చదువుతా నడుమలో లేసిపోయి నీళ్ళు తాగొచ్చినాడంట. అచ్చుకు పంపమన్నాడు."

హరినాథ్ ఎగిరి గంతేశాడు. తొలి ప్రతి ఆ పెద్దాయన చేతిలోనే పెట్టాలనుకున్నాడు.

పుస్తకం అచ్చయి వచ్చిన రోజు ఇనాయతుల్లా మళ్ళీ ఫోన్ చేశాడు. "పెద్దాయన పోయినాడన్నా. కొత్తచెరువులో ఆయన భార్య బయమ్మ ఉండాది. ఆమెకిచ్చి రా."

వాకిట్లో హరినాథ్‌నూ, చేతిలోని పుస్తకాన్నీ చూడగానే బయమ్మ లోపలికెళ్ళి చెంబు తెచ్చింది.

"వద్దమ్మా, ఇప్పుడే తాగినా."

"తాగల్ల నాయనా. మా ఇంటాయన చెప్పి పోయినాడు. పుస్తకం పట్టుకోని ఒకాయన వస్తాడు, మాట్లాడకముందే నీళ్ళియ్యి, బస్టాపులో ఆయన నీళ్ళు నేను వేప మొక్కకు పోసినా, ఆ బాకీ ఉండాది అని."